గాలి మొక్కకు కావలసింది ఆరుతడి

మీ గాలి మొక్కలు పాడయ్యాయని, ఏవి బతుకుతాయో చెప్పమని రాశారు. మీరు ఎదురుచూస్తున్న మాట ముందే చెప్పేస్తాను. మొదలు నల్లబడి, ఆకులు చేతికి ఊడివచ్చిన చిన్న రకం, అయోనాంథా, ఇక బతకదు, పారేయండి. ఆకుల కొనలు ఎండి లోపలికి ముడుచుకున్న పెద్ద రకం, జెరోగ్రాఫికా, మాత్రం నిక్షేపంగా బతుకుతుంది, దాని మీద ఆశ వదులుకోకండి. మిగిలిన రెండు అయోనాంథాల భవిష్యత్తు ఈ వారం మీరు చేసే పని మీద ఆధారపడి ఉంది.

మీరు రాసినవి ఒకచోట పెట్టి చూద్దాం. హైదరాబాద్‌లో ఏడో అంతస్తు, తూర్పు బాల్కనీ. జూన్ చివర్లో ఆన్‌లైన్‌లో మూడు అయోనాంథాలు, ఒక పెద్ద జెరోగ్రాఫికా తెప్పించుకున్నారు. చిన్నవాటిని ముందువైపు గుండ్రటి రంధ్రం ఉన్న గాజు గోళాల్లో పెట్టి వేలాడదీశారు. పెద్దదాన్ని మీరు పనిచేసుకునే గదిలో, పగలంతా ఏసీ నడిచే చోట, బల్ల మీద ఉంచారు. అమ్మినవారు పంపిన కార్డు ప్రకారం అన్నింటికీ రోజూ పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి స్ప్రే కొట్టారు. రెండు నెలలకు ఒకటి కుళ్ళింది, ఒకటి ఎండింది. ఒకే నీళ్ళు, ఒకే చేయి, రెండు వ్యతిరేక ఫలితాలు ఎందుకని మీ ప్రశ్న.

తేడా నీళ్ళలో లేదు, ఆ నీళ్ళు ఆరడానికి పట్టిన సమయంలో ఉంది. గాజు గోళంలో గాలి కదలదు. వానకాలపు తేమలో ఆ ఆకుల సందుల్లో చేరిన నీరు మర్నాటి స్ప్రే దాకా అలాగే నిలిచిపోయింది. ఏసీ గదిలో జెరోగ్రాఫికా మీద పడిన తుంపర కొద్ది నిమిషాల్లోనే ఆవిరైపోయింది. మొక్క తాగే వ్యవధి కూడా దొరకలేదు. ఒకదానికి ఎప్పుడూ తడే, రెండోదానికి ఎప్పుడూ పొడే. ఈ మొక్కలకు కావలసింది బాగా తడవడం, ఆ తర్వాత పూర్తిగా ఆరడం. రైతుల భాషలో చెప్పాలంటే ఆరుతడి. ఈ ఒక్క విషయం చేతికి అలవాటైతే మిగిలిన జాగ్రత్తలన్నీ చిన్నవే.

గాలి మొక్క అనే పేరు విని గాలి పీల్చి బతుకుతుందనుకునేవారు కొందరైతే, చెట్టు కొమ్మను పట్టుకుని పెరుగుతుంది కాబట్టి మామిడి చెట్టు మీది బదనికలా రసం పీలుస్తుందనుకునేవారు ఇంకొందరు. రెండూ నిజం కావు. గాలి మొక్కలు, అంటే టిలాండ్సియాలు, మనం తినే అనాసకు దగ్గరి బంధువులు, ఒకే కుటుంబం. అమెరికా సంయుక్త రాష్ట్రాల దక్షిణ భాగం నుంచి అర్జెంటీనా దాకా 600కు పైగా జాతులు ఉన్నాయి. చెట్ల కొమ్మల మీద, కొండరాళ్ళ మీద, చివరికి టెలిఫోన్ తీగల మీద కూడా పెరుగుతాయి. వేళ్ళు పట్టుకోవడానికే తప్ప తాగడానికి కాదు. పెరూ, చిలీ తీరపు ఎడారుల్లో వాన దాదాపు ఎరగని ఇసుక మీద, సముద్రం మీది నుంచి వచ్చే పొగమంచును తాగుతూ బతికే జాతులు ఉన్నాయి. గాలి మొక్కకు నీళ్ళు అక్కర్లేదన్న ప్రచారం బహుశా అక్కడి నుంచే వచ్చి ఉంటుంది. కానీ ఆ పొగమంచు రాత్రి పట్టి తడిపితే, పగటి గాలి ఆరబెడుతుంది. మన హాల్లో ఆ రెండూ ఉండవు.

తాగే పని ఆకు చేస్తుంది. ఆకు నిండా ట్రైకోమ్‌లు అనే సన్నటి పొలుసులు ఉంటాయి. అనాస ఆకు దొరికితే అడుగు భాగాన్ని గోటితో గీసి చూడండి, తెల్లటి పొడిలాంటిది వస్తుంది. అవే ఇవి. టిలాండ్సియాలో ఈ పొలుసుల పనితనం తారస్థాయికి చేరింది. పొడిగా ఉన్నప్పుడు పొలుసు అంచులు పైకి లేచి ఉంటాయి. వెలుతురును వెనక్కి కొట్టి, లోపలి తేమ పోకుండా కాపాడతాయి. మొక్క వెండి రంగులో కనిపించేది అందుకే. నీరు తగలగానే ఆ అంచులు ఆకు మీదికి వాలి, నీటిని లోపలికి లాగేస్తాయి. కొద్ది క్షణాల్లో బూడిదరంగు పోయి అడుగున ఉన్న పచ్చదనం బయటపడుతుంది. తెల్లటి పళ్ళెంలో నీళ్ళు పోసి మీ జెరోగ్రాఫికా ఆకు కొసను ముంచి, కళ్ళు దగ్గర పెట్టి చూడండి. తడి గీత పైకి పాకుతున్న కొద్దీ రంగు మారడం కనిపిస్తుంది. తిరిగి ఆకంతా వెండి రంగుకు వచ్చిందంటే పైతడి ఆరినట్టు. మీ చేతిలో ఉన్న మొదటి కొలత అదే.

రాత్రి స్ప్రే ఎందుకు మరింత చేటు చేసిందో కూడా చెప్పాలి. చాలా మొక్కలు పగలు పత్రరంధ్రాలు తెరిచి కార్బన్ డయాక్సైడ్ తీసుకుంటాయి. పగటి ఎండలో రంధ్రాలు తెరిస్తే ఉన్న కాస్త నీరూ పోతుంది కాబట్టి టిలాండ్సియాలు రాత్రి తెరుస్తాయి. అప్పుడు తీసుకున్న కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా మార్చి దాచుకుని, పగలు వెలుతురు రాగానే ఆహారం తయారు చేసుకుంటాయి. పడుకునే ముందు ఆకును తడిపితే, సరిగ్గా అది ఊపిరి తీసుకునే వేళకు నీటి పొర అడ్డం పడుతుంది. అందుకే తడపడం పొద్దుటిపూట పని. సాయంత్రం గుర్తొచ్చినా మర్నాటి దాకా ఆగండి, ఒక రోజు ఆలస్యమైతే ఏ గాలి మొక్కా చావదు.

ఈ లక్షణాన్నే పట్టుకుని, రాత్రిపూట కూడా ఆక్సిజన్ ఇచ్చే మొక్క అంటూ పడకగదికి అమ్మేవారు ఉన్నారు. రాత్రి కార్బన్ డయాక్సైడ్ తీసుకోవడం వేరు, ఆక్సిజన్ విడుదల వేరు. ఆక్సిజన్ వచ్చేది వెలుతురు ఉన్నప్పుడే. గది గాలిని శుభ్రం చేస్తుందన్న మాటనూ పక్కన పెట్టండి. అరచేతిలో పట్టే మొక్క గదిని శుభ్రం చేయలేదు. అందంగా ఉంది కాబట్టి పెంచుకుంటున్నామంటే సరిపోతుంది.

ఇప్పుడు ఈ వారం పని. మిగిలిన రెండు అయోనాంథాలను గాజు గోళాల్లోంచి తీసి, ఒక్కోదాన్ని తలకిందులుగా పట్టుకోండి. మొదలును బొటనవేలు, చూపుడువేలు మధ్య మెల్లగా నొక్కండి. ఎండు చెక్కలా గట్టిగా ఉంటే బాగున్నట్టు. మెత్తగా ఒత్తుకుపోతే, వేలికి గోధుమరంగు చెమ్మ అంటితే కుళ్ళు మొదలైనట్టు. ఆ తర్వాత మొవ్వాకును చాలా తేలికగా లాగి చూడండి. కదలకుండా ఉంటే క్షేమం. అట్టడుగున ఒకటి రెండు పొరలు ఎండిపోయి కాగితంలా ఉంటే బెంగపడవద్దు. అది వయసైన ఆకు, ఒలిచేయవచ్చు. పొడి గోధుమరంగు, తడి నలుపు ఒకటి కావు. మొదటిది సహజం, రెండోది జబ్బు. పైపొరల్లో మాత్రమే నలుపు ఉంటే ఆ ఆకులన్నీ తీసేసి, గట్టి భాగం కనబడ్డాక ఫ్యాను గాలి తగిలే చోట తలకిందులుగా వేలాడదీసి, వారం పాటు చుక్క నీరు పోయకండి. మొవ్వు దాకా పోయిందంటే చేయగలిగింది లేదు. కుళ్ళిన చోట పసుపు అద్దమని కొందరు చెబుతారు. ఆ పొడి ఆకు సందుల్లో ఇరుక్కుని తేమను పట్టి ఉంచుతుంది, నేను వద్దంటాను.

జెరోగ్రాఫికాను ఒక వెడల్పాటి గిన్నెలో, ఆకులన్నీ మునిగేలా గంటసేపు నానబెట్టండి. మామూలుగా ఈ జాతికి అంతసేపు అవసరం లేదు, ఇది ఎండిపోయిన మొక్కకు చేసే ఒక్కసారి వైద్యం. తీశాక తలకిందులుగా పట్టుకుని గట్టిగా విదిలించండి. దాని ఆకులు మొదట్లో వెడల్పై గరిటెల్లా నీటిని పట్టుకుంటాయి, ఒక్క విదిలింపుతో పోదు. బట్టలు ఆరేసే తీగ మీదో, స్టీలు గిన్నెల స్టాండు మీదో బోర్లించి ఫ్యాను కింద ఉంచండి. మూడు నాలుగు రోజుల తర్వాత మరోసారి అలాగే. ఎండిన కొనలు తిరిగి పచ్చబడవు. కత్తెరతో ఏటవాలుగా కత్తిరిస్తే చూడటానికి ఆకు సహజంగా ఉంటుంది. ఆకులు కొంత విప్పుకోవడం మొదలైతే మొక్క తేరుకున్నట్టే. జెరోగ్రాఫికా ఆకులు సహజంగానే కిందికి వంకీలు తిరుగుతాయి, అది దాని అందం. చూడవలసింది అంచుల్ని. ఆకు రెండు అంచులూ దగ్గరికొచ్చి దోనెలా మారితే దాహం.

ఆ తర్వాత ఎన్ని రోజులకోసారి తడపాలి? మీ కార్డులో ఉన్నట్టు, విదేశీ వీడియోల్లో చెప్పినట్టు ఏడాది పొడుగునా ఒకే లెక్క మన దగ్గర నడవదు. తెలుగు నేల మీద గాలి ఏడాదికి మూడు రకాలుగా ఉంటుంది. మార్చి నుంచి జూన్ తొలివారాల దాకా హైదరాబాద్, కర్నూలు, అనంతపురం లాంటి చోట్ల మధ్యాహ్నపు గాలి ఎముకలా పొడిగా ఉంటుంది. అప్పుడు అయోనాంథాలాంటి చిన్నవాటిని వారానికి రెండుసార్లు, 20 నుంచి 30 నిమిషాలు నానబెట్టాలి. మధ్యలో మరీ వడగాలి వీచిన రోజు పొద్దున్నే స్ప్రే కూడా చేయవచ్చు, ఆరిపోతుంది. వానలు ముసురు పట్టిన జూలై, ఆగస్టుల్లో అదే మొక్కకు వారానికి ఒకసారి పది నిమిషాలు చాలు. నాలుగు రోజులు ఎడతెరిపి లేని వాన ఉంటే ఆ వారం మానేసినా నష్టం లేదు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వారానికి ఒకసారి, 20 నిమిషాలు. జెరోగ్రాఫికాకు నానబెట్టడం కన్నా బకెట్లో రెండు మూడుసార్లు ముంచి తీయడం మేలు. వేసవిలో వారానికి ఒకసారి, వానకాలంలో పది పదిహేను రోజులకోసారి.

విశాఖపట్నం, కాకినాడ, నెల్లూరు వాసులు ఈ లెక్కను సగానికి తగ్గించుకోవాలి. అక్కడ వేసవిలో కూడా గాలి చెమ్మగానే ఉంటుంది, మన ఒంటి చెమటే ఆరదు. అక్కడ ఫ్యాను లేకుండా ఈ మొక్కల జోలికి వెళ్ళవద్దు. విజయవాడలో మే నెల ఎండ, కృష్ణ ఒడ్డు తేమ రెండూ ఉంటాయి కాబట్టి నానబెట్టడం హైదరాబాద్ లెక్కన, ఆరబెట్టడం విశాఖ లెక్కన చేయాలి.

ఈ అంకెలన్నీ మొదలుపెట్టడానికే. అసలు కొలత మీ గదిలోనే తీసుకోవాలి. పొద్దున నానబెట్టి విదిలించాక గడియారం చూసుకోండి. నాలుగు గంటలు గడిచాక ఒక టిష్యూ కాగితం మూలను సన్నగా పురిపెట్టి మొవ్వు పక్క ఆకు సందులోకి దూర్చి తీయండి. పొడిగా వస్తే మీ చోటు మంచిది. తడిగా వస్తే చోటు మార్చాలి, లేదా ఫ్యాను కిందికి తేవాలి. నీళ్ళు తగ్గించి లాభం లేదు. ఆరని చోట కొంచెం నీళ్ళు పోసినా కుళ్ళుతుంది. ఆరే చోట ఎక్కువ పోసినా తట్టుకుంటుంది.

ఏ నీళ్ళు అన్నది మీ రెండో ప్రశ్న. వాన నీళ్ళు అన్నింటికన్నా మేలు. తొలకరి మొదటి జల్లులు డాబా మీది దుమ్మును కడిగేశాక పట్టుకుని నిలవ ఉంచుకోండి. మంజీర, కృష్ణా, గోదావరి కొళాయి నీళ్ళు ఒక రాత్రి తెరిచిన బకెట్లో ఉంచితే సరిపోతాయి. బోరు నీళ్ళతోనే చిక్కు. మీ గీజరులో, బాత్రూం కొళాయి మూతికి తెల్లటి పెచ్చు కడుతోందంటే అదే పెచ్చు మొక్క పొలుసుల మీద కూడా కడుతుంది. కొన్నాళ్ళకు పొలుసులు నీరు లాగడం మానేస్తాయి. గేటెడ్ కమ్యూనిటీల్లో సాఫ్ట్‌నర్ పెట్టి ఇచ్చే నీళ్ళు ఇంకా చెడ్డవి. అందులో సున్నపు లవణాలు పోయి సోడియం చేరుతుంది, పెచ్చు కనిపించదు కాబట్టి మంచి నీళ్ళనుకుంటాం. తాగే ఆర్ఓ నీళ్ళు వాడవచ్చు. ఆర్ఓ యంత్రం బయటికి వదిలే నీళ్ళు మాత్రం నేల తుడవడానికే. వదిలేసిన ఆ ఉప్పంతా అందులోనే ఉంటుంది.

ఏసీ నుంచి కారే నీళ్ళు స్వచ్ఛమైనవి కదా అని పట్టి పోసేవారిని చూశాను. అవి రాగి గొట్టాల పక్క నుంచి జారి వచ్చే నీళ్ళు. రాగి ఈ కుటుంబపు మొక్కలకు విషం, మట్టి అడ్డు లేకుండా ఆకుతో నేరుగా తాగే టిలాండ్సియాకు మరీ విషం. రాగి చెంబులో రాత్రి నిలవ ఉంచిన నీళ్ళు మీ ఆరోగ్యానికి తాగుతారేమో, మొక్కకు పోయకండి. అందంగా ఉంటుందని రాగి తీగ చుట్టి వేలాడదీయకండి, జింకు పూత వేసిన ఇనుప తీగ కూడా వద్దు. అన్నిటికన్నా ముఖ్యం, కుళ్ళు కనబడగానే మిద్దె తోటలో వాడే కాపర్ ఆక్సీక్లోరైడ్ డబ్బా తీయకండి. టమాటా, నిమ్మ మొక్కలకు లీటరుకు 3 గ్రాముల చొప్పున కలిపి కొట్టే ఆ మందు, బోర్డో మిశ్రమం, ఈ రెండూ రాగి మందులే. కుళ్ళుతో సగం పోయిన మొక్కను అవి పూర్తిగా చంపుతాయి. పక్క కుండీలకు కొడుతున్నప్పుడు కూడా వీటిని లోపలికి తీసుకెళ్ళండి.

ఎరువు తప్పనిసరి కాదు. పెరుగుదల కావాలంటే ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా నెలకు ఒకసారి, నానబెట్టే నీళ్ళలో ఆర్కిడ్ ఎరువు ఏదైనా డబ్బా మీద రాసిన మోతాదులో నాలుగో వంతు కలపండి. అందరి ఇళ్ళలో ఉండే 19-19-19 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమపాళ్ళలో ఉండే ఎరువు) వాడవచ్చా అని అడుగుతారు. దానిలో నత్రజని సగానికి పైగా యూరియా రూపంలో ఉంటుంది, మట్టిలో పెరిగే మొక్కకు అది బాగుంటుంది. మట్టి లేని వీటికి నేను ఆర్కిడ్ ఎరువే ఎంచుకుంటాను. మరేదీ దొరక్కపోతే లీటరుకు అర గ్రాము మించనివ్వను. సూక్ష్మపోషకాల మిశ్రమంలో రాగి, జింకు, బోరాన్ ఉంటాయి, దగ్గరికి రానివ్వకండి. జీవామృతం, పుల్లటి మజ్జిగ, బియ్యం కడుగు నీళ్ళు, ఇవన్నీ మట్టికి అమృతమే కావచ్చు. ఆకు మీద మాత్రం అవి జిగటగా పట్టి బూజునూ చీమల్నీ పిలుస్తాయి.

చోటు సంగతికొస్తే, మీ తూర్పు బాల్కనీ చక్కటి చోటు. పొద్దున తొమ్మిది దాకా వచ్చే ఎండ వీటికి ఇష్టం. మే నెలలో మాత్రం 50 శాతం షేడ్‌నెట్ కట్టండి, లేదా కిటికీకి రెండు అడుగుల లోపలికి జరపండి. పడమటి కిటికీ వేసవిలో పనికిరాదు. అద్దం వెనక వేడి 40 డిగ్రీలు దాటితే చిన్న మొక్క ఒక్క మధ్యాహ్నంలో మాడిపోతుంది. వంటగది కిటికీ చాలామందికి నచ్చుతుంది కానీ, రోజూ తాలింపు పొగలోని నూనె ఆకు మీద పొరకడుతుంది. బాత్రూంలో తేమ ఉంటుంది నిజమే, మన బాత్రూములకు వెలుతురూ గాలీ ఎక్కడివి? దేవుడి గూటి దగ్గర అగరుబత్తి పొగ, చీకటి.

గాజు గోళాలు పారేయనక్కర్లేదు. అతిథులు వచ్చిన రోజు మొక్కను పూర్తిగా ఆరాక అందులో పెట్టి చూపించి, మళ్ళీ బయటికి తీయండి. శాశ్వతంగా ఉంచడానికి ఎండిన జామ కొమ్మ, తుమ్మ కొమ్మ, సముద్రపు ఒడ్డున దొరికే పెద్ద చిల్లు శంఖం లాంటివి మంచివి. నైలాను దారంతో వదులుగా కట్టండి. కొబ్బరి పీచు, నాచు మొదలు చుట్టూ కూరవద్దు, అవి తడిని పట్టి ఉంచుతాయి. గులకరాళ్ళ గిన్నెలో కూర్చోబెట్టడం కూడా అంతే, అడుగున నీరు నిలుస్తుంది. మొక్కను నిటారుగా కాక కొంచెం పక్కకు వాల్చి కడితే మొవ్వులో నీరు నిలవదు.

తోటవాళ్ళు బల్బోసా, కాపుట్ మెడూసే లాంటి గాలి మొక్కలు ఇస్తే వాటి మొదళ్ళు ఉల్లిగడ్డల్లా బోలుగా ఉంటాయని గుర్తుంచుకోండి. సొంత అడవుల్లో ఆ బోలులో చీమలు కాపురం ఉంటాయి. మన ఇంట్లో నీరు కాపురం ఉంటుంది. వాటిని నానబెట్టకుండా, ఆకుల్ని మాత్రం తలకిందులుగా ముంచి తీయాలి. స్పానిష్ మాస్ అని జడల్లా వేలాడే రకం కూడా టిలాండ్సియానే. దాని పోగులు సన్నం కాబట్టి త్వరగా ఆరిపోతుంది, వేసవిలో రెండు రోజులకోసారి ముంచినా తట్టుకుంటుంది. గుత్తిగా కట్టి వేలాడదీస్తే బయట పచ్చగా ఉండి లోపల కుళ్ళుతుంది, పలుచగా పరిచి కట్టండి.

పురుగుల బెడద తక్కువ. పిండినల్లి ఒక్కటే తరచు కనిపిస్తుంది, ఆకుల సందుల్లో దూది పింజలా. పక్కనున్న మందార నుంచే సాధారణంగా వస్తుంది. సర్జికల్ స్పిరిట్‌లో ముంచిన దూది పుల్లతో ఒక్కొక్కదాన్నీ తుడిచి, కాసేపటికి మొక్కను మంచినీళ్ళలో ముంచి ఆరబెట్టండి. వేపనూనె నేను వాడను, నూనె పొలుసుల్ని మూసేస్తుంది.

పూస్తుందా అని అడిగారు. పూస్తుంది, ఒక్కసారే. అయోనాంథా పూతకు ముందు నడిమి ఆకులు కుంకుమ ఎరుపుకు తిరుగుతాయి, తర్వాత మొవ్వులోంచి సన్నటి ఊదారంగు గొట్టం పూలు, చివర పసుపు పుప్పొడితో, వస్తాయి. పువ్వు కొన్ని రోజులే ఉంటుంది. ఎర్రబడగానే ఎండ దెబ్బ అనుకుని చీకట్లోకి మార్చేవాళ్ళు ఉన్నారు, ఆ పని చేయకండి. పూత అయ్యాక తల్లి మొక్క నెమ్మదిగా తగ్గుతూ మొదట్లోంచి పిలకలు వేస్తుంది, అరటిలాగే. పిలక తల్లిలో మూడో వంతు దాటాక, రెండింటినీ రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పితే విడిపోతుంది. విడదీయకుండా వదిలేస్తే కొన్నేళ్ళకు బంతిలాంటి గుత్తి అవుతుంది, నాకు అదే ఇష్టం. అనాస తోటల్లో ఎథ్రెల్ అనే మందు పిచికారీ చేసి అన్ని మొక్కల్నీ ఒకేసారి పూతకు తెచ్చినట్టు, పండిన అరటిపండుతో కలిపి సంచిలో కట్టి వీటినీ పూయించవచ్చు. కానీ లేత మొక్కను తొందరపెట్టి పూయిస్తే పిలకలు బలహీనంగా వస్తాయి. మీ మొక్కలు ఇంకా తేరుకోవాలి, ఆ ప్రయోగం ఇప్పుడు వద్దు.

సంక్రాంతికి పది రోజులు ఊరెళ్తే ఏం చేయాలన్నారు. బయలుదేరే ముందురోజు పొద్దున బాగా నానబెట్టి, పూర్తిగా ఆరనిచ్చి, వెలుతురు ఉండి ఎండ తగలని గదిలో వదిలి వెళ్ళండి. జనవరిలో పది రోజులు వాటికి లెక్కలోది కాదు. తేమ ఉంటుందని ప్లాస్టిక్ సంచి కప్పి మాత్రం వెళ్ళకండి. వేసవి సెలవులకైతే మూసిన ఫ్లాటు పొయ్యిలా మారుతుంది కాబట్టి పొరుగువారికి అప్పగించాలి. అప్పగించేటప్పుడు నానబెట్టడం కన్నా విదిలించడమే ఎక్కువసార్లు చెప్పండి.

మీ తమ్ముడు హ్యూస్టన్ నుంచి తెస్తానన్న స్పానిష్ మాస్ గురించి. అక్కడ చెట్లకు జడలు జడలుగా వేలాడుతుంది, తెంపుకుని పెట్టెలో వేసుకోవడం తేలికే. కానీ మన దేశంలోకి మొక్కలు తేవాలంటే 2003 ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం దిగుమతి అనుమతి, ఎగుమతి దేశపు ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి. ఊరికే పెట్టిన నియమం కాదు. 1989లో మెక్సికో వైపు నుంచి వచ్చిన ముక్కు పురుగు ఒకటి ఫ్లోరిడాలో కనబడి, అక్కడి అడవి టిలాండ్సియాల్ని తినేసింది. మన ఉత్తరాంధ్ర సీతంపేట కొండల అనాస కూడా ఇదే కుటుంబం. వద్దని చెప్పండి, ఇక్కడి నర్సరీల్లోనే దొరుకుతుంది. జెరోగ్రాఫికా అయితే అంతర్జాతీయ వాణిజ్య నియంత్రణలో ఉన్న జాతి. అడవి నుంచి తెచ్చినది కాక తోటలో పెంచినదే కొనండి.

పోయిన దాని బదులు కొత్తది కొనాలనుకుంటే ఇప్పుడే తొందరపడకండి. అక్టోబరు రానివ్వండి. వేసవిలో, ముసురులో కొరియర్ పెట్టెలో నాలుగైదు రోజులు మగ్గిన మొక్క మన చేతికి వచ్చేసరికే సగం కుళ్ళి ఉంటుంది. వీలైతే నర్సరీకి వెళ్ళి చేత్తో పట్టుకుని చూడండి. పరిమాణానికి తగ్గ బరువు, గట్టి మొదలు, బిగిసిన మొవ్వు ఉండాలి. నీలం, గులాబీ రంగుల్లో మెరిసే వాటికి రంగు పూసి ఉంటారు. ఆ పూత కింద పొలుసులు మూసుకుపోయి ఉంటాయి, ఎంత చవకగా ఇచ్చినా వద్దు. వేళ్ళు కత్తిరించి ఉన్నా ఫర్వాలేదు. తెచ్చిన మర్నాడు పొద్దున అరగంట నానబెట్టి, టిష్యూ కాగితం పరీక్ష చేసి, ఫలితం ఇక్కడ రాయండి. అప్పుడు ఏ కిటికీ దగ్గర కట్టాలో చెబుతాను.